పేరు దొరకని వారి దేవుడు

ధ్యాన భాగము: ఎజ్రా 2:59–63



బైబిలులో వంశావళి వచ్చిన చోట మనలో చాలామందిమి పేజీ తిప్పేస్తాము. ఎజ్రా రెండవ అధ్యాయము అలాంటిదే. బబులోను చెర నుండి తిరిగి వచ్చినవారి లెక్క అది. పేరు తరువాత పేరు, సంఖ్య తరువాత సంఖ్య. అయితే 59వ వచనము దగ్గర ఒక్కసారి ఆగండి. కొందరు తిరిగి వచ్చారు గాని, తాము ఇశ్రాయేలీయులమని, ఫలానా ఇంటివారమని చూపించుకోలేకపోయారు. యాజకుల సంతతివారమని చెప్పుకొన్న కొందరు పద్దు పుస్తకాలలో తమ పేరు వెదికారు. అది దొరకలేదు. వారిని యాజక సేవ నుండి ప్రక్కన పెట్టారు.

వారి పేరు ఎందుకు దొరకలేదు? ఒక ఇంటివారి విషయంలో కారణం అక్కడే కనబడుతున్నది. వారి పితరుడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెను పెండ్లి చేసుకొని, మామగారి ఇంటి పేరుతోనే పిలువబడ్డాడు. ఒక్క తరంలో ఇంటి పేరు మారింది. కొన్ని తరాల తరువాత పిల్లలకు పుస్తకంలో చోటు లేకుండా పోయింది.

ఈ మాట మమ్మల్ని ఎందుకు పట్టుకున్నదో చెప్తాము. మన సంఘంలో ఒక అవ్వ ఉన్నది. ఆమె నాయన చిన్నాయన కుర్రవాడుగా ఉన్నప్పుడే ఇల్లు వదిలి "నాటాలు ఓడ" ఎక్కి వెళ్ళిపోయాడట. మళ్ళీ రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు చనిపోయేవరకు ఆయన కోసం ప్రార్థన చేసేవారట. ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక అవ్వ మమ్మల్ని అడిగింది: "అయ్యగారూ, ఆ ఓడోళ్ళ కాగితాల్లో మావోడి పేరు ఉంటదా? ఆయన పిల్లలు ఆడ ఎవరన్నా బతికున్నారా?"

ఆ ప్రశ్న వెంట మేము వెళ్ళాము. తెలుసుకున్నది ఇది.

ఓడ ఎక్కినవారు

నాటాలు అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న తూర్పు తీరపు ప్రాంతం. తెల్లవారి చెరకు తోటల్లో పనికి అక్కడ మనుషులు కావలసి వచ్చారు. 1860 నవంబరు 16న "ట్రూరో" అనే ఓడ మద్రాసు నుండి మొదటి కూలీలను డర్బన్ రేవులో దించింది. 1911లో ఈ రవాణా ఆగిపోయేనాటికి మొత్తం 1,52,184 మందిని తీసుకుపోయారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. అందులో తమిళులతోపాటు మన తెలుగువారు ఎంతోమంది. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి ఎక్కువమంది వెళ్ళారు.

ఒప్పందం ఐదేళ్ళు. మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగులు, తరువాత ఏడాదికొక షిల్లింగు పెంపు. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోదామంటే, 1895లో చేసిన చట్టం ప్రకారం ఏటా మూడు పౌండ్ల పన్ను పడింది. మొదటి ఏడాది కూలి లెక్కన చూస్తే అది ఆరు నెలల కష్టం! 1913లో గాంధీగారు కూలీలతో కలిసి చేసిన సమ్మె తరువాత, 1914లో ఆ పన్ను తీసివేశారు.

ఎందుకు వెళ్ళారు? ఆకలి ఒక పెద్ద కారణం. మన పెద్దలు ధాత కరువు అని చెప్పేది 1876–78 నాటి కరువే. ఆ కాలంలోనే ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం త్రవ్వించే కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని చూపించారు. కూటి కోసం బాప్తిస్మము పొందారన్న మాట రాకూడదని, కరువు సహాయం నడిచినంత కాలం బాప్తిస్మములు ఆపివేశారు. కరువు తగ్గాక, 1878 జులై 3న, మన వినుకొండ ప్రాంతాన్ని తాకుతూ పోయే గుండ్లకమ్మలోనే, క్రింద వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య మనందరికీ కంఠస్థం. ఒకే కరువు కొందరిని గుండ్లకమ్మ ఒడ్డుకు నడిపించింది, కొందరిని మద్రాసు రేవుకు నడిపించింది. మొదటివారి లెక్క మన సంఘ చరిత్రలో ఉన్నది. రెండవవారి లెక్క ఓడ జాబితాల్లో ఉన్నది.

ఓడ జాబితా ఎలా ఉంటుంది

ఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ నంబరు ఎదుట పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడా మగా, కులము, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ లేక గాయపు గుర్తు. ఆ మనిషి బ్రతికినంత కాలం ఆ నంబరు వెంట వచ్చేది. పెండ్లి నమోదైనా, బిడ్డ పుట్టినా, ఒప్పందం తీరినా కాగితం మీద ఆ నంబరు ఉండేది. అందుకే డర్బన్‌లో ఈనాడు తమ మూలం వెదుక్కునేవారు మొదట ఇంట్లోని పాత పెట్టెల్లో ఆ నంబరు కోసమే చూస్తారు. నంబరు దొరికితే ఓడ దొరుకుతుంది, ఓడ దొరికితే ఊరు దొరుకుతుంది.

అయితే ఆ జాబితాలో ఒక గడి లేదు. ఇంటి పేరు గడి.

తెలుగువారికి ఇంటి పేరే మొదట. "మీరు ఎవరింటివారు?" అని అడుగుతాము. ఆ గుమాస్తాకు అది తెలియదు. పేరు వ్రాశాడు, తండ్రి పేరు వ్రాశాడు, ముందుకు జరగమన్నాడు. అక్కడ పుట్టిన పిల్లలకు బడిలో ఇంటి పేరు కావలసి వస్తే తండ్రి పేరో తాత పేరో ఇంటి పేరయింది. బర్జిల్లయి ఇంటివారికి జరిగినదే మనవారికీ జరిగింది.

ఊరి పేర్లు ఇంకొక చిక్కు. మన నూజెండ్లలో "జ" పలికే తీరు వేరు. అది ఇంగ్లీషు చెవికి ఒకసారి "జె" అని, ఒకసారి "జడ్" అని వినబడుతుంది. వ్రాసేవాడు ఎలా విన్నాడో అలా వ్రాశాడు. జిల్లా సంగతి కూడా గమనించండి. మన వినుకొండ తాలూకా ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడింది 1904లో. పల్నాడు జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో. కాబట్టి 1880 నాటి మనిషిని గుంటూరు క్రింద వెదికితే దొరకడు, పల్నాడు క్రింద వెదికితే అసలే దొరకడు. కృష్ణా క్రింద, వినుకొండ క్రింద వెదకాలి. ఊరు కదలలేదు గాని, దాని పైనున్న పేర్లు మూడుసార్లు మారాయి.

వారి వెంట వెళ్ళిన కాపరి

ఓడ ఎక్కినవారిలో విశ్వాసులు కూడా ఉన్నారు. నాటాలులో కియర్స్‌నీ తేయాకు తోటలోను, ఆ చుట్టుప్రక్కల చెరకు తోటల్లోను తెలుగు బాప్తిస్టులు ఉండేవారు. కాపరి లేడు, తెలుగులో వాక్యము చెప్పేవాడు లేడు. వారు స్వదేశపు సంఘాలకు మొరపెట్టుకున్నారు. తెలుగు బాప్తిస్టు సంఘాలు ఆ మొర విన్నాయి. 1903లో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య గారిని తమ మిషనరీగా పంపాయి. ఆ సంవత్సరం డిసెంబరులోనే కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడింది. 1915లో చనిపోయేవరకు ఆయన అక్కడే సేవ చేశారు.

ఇక్కడ ఒక్క మాట. అమెరికా దొరలు మన దగ్గరకు వచ్చారని మనము ఎప్పుడూ చెప్పుకుంటాము. మన పేద సంఘాలు కానుకలు కూడబెట్టి సముద్రం అవతలికి ఒక తెలుగువాడిని పంపాయన్నది ఎంతమంది పిల్లలకు తెలుసు? ఆయన వెళ్ళింది గొప్పవారి దగ్గరకు కాదు. నంబర్లుగా మారిపోయిన మనవారి దగ్గరకు వెళ్ళాడు. తోట యజమానికి నంబరు చాలు. కాపరికి పేరు కావాలి. బాప్తిస్మము ఇవ్వాలంటే పేరు పెట్టి పిలవాలి కదా! యోహాను 10వ అధ్యాయములో మన ప్రభువు మంచి కాపరిని గూర్చి చెప్పినప్పుడు, ఆయన తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడనే చెప్పాడు.

అవ్వ ప్రశ్నకు జవాబు

ఈ జాబితాలు ఇప్పుడు కంప్యూటరులో వెదకవచ్చు. తెలిసిన ఒక సహోదరుని సహాయంతో మేము వెదికాము. అవ్వ చెప్పిన పేరు ఉన్నది. ఒక్కచోట కాదు, చాలాచోట్ల ఉన్నది. అది ఆ రోజుల్లో ప్రతి పల్లెలోను ఉన్న పేరు. తండ్రి పేరు చెప్పమంటే అవ్వకు తెలిసినది ఆయన బాప్తిస్మపు పేరు. పాత పేరు ఎవరికీ గుర్తు లేదు. ఓడ ఎక్కిన కుర్రవాడు తండ్రి పేరు పాతది చెప్పాడో క్రొత్తది చెప్పాడో ఎవరు చెప్పగలరు?

అప్పుడు మేము మన సంఘపు పాత బాప్తిస్మపు పుస్తకం తెరిచాము. పాత పేరు, క్రొత్త పేరు రెండూ అందులో ఉండాలి. ముందరి పేజీలు చెదలు తిన్నాయి. చేతిలో పొడి రాలింది. దాన్ని బీరువా క్రింది అరలో నేలకు ఆనించి ఉంచినది ఎవరో కాదు, మేమే. దేవుని యెదుట ఒప్పుకుంటున్నాము.

దూరదేశం నుండి ఒక ఉదాహరణ చెప్తాము. 1845లో ఐర్లాండులో బంగాళదుంప పంట తెగులు వచ్చి కుళ్ళిపోయింది. కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కారు. వారి మునిమనుమలు ఈనాడు అమెరికా నుండి, ఆస్ట్రేలియా నుండి తమ మూలం వెదుకుతుంటారు. అయితే 1922లో డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనం యుద్ధంలో కాలిపోయింది. పాత జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. ఎవరు ఆదుకున్నారు? పల్లెల్లోని గుళ్ళలో మిగిలిన బాప్తిస్మపు పుస్తకాలు. రాజధానిలో పోయినది పల్లెటూరి పాదిరి బల్ల సొరుగులో మిగిలింది. ఆ సంగతి చదివి మేము సిగ్గుపడ్డాము.

అవ్వ దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాము. దొరకలేదు అవ్వా అన్నాము. ఆమె కొంచెంసేపు ఊరకుండి, "దేవుడికి తెలుసుగా అయ్యా" అన్నది. మేము ఆమెను ఓదార్చడానికి వెళ్ళాము. ఆ మాటతో ఆమే మమ్మల్ని ఓదార్చింది.

మనము నేర్చుకొనవలసినవి

మొదటిది: పుస్తకంలో పేరు లేనందువలన మనిషి లేకుండా పోడు. ఎజ్రా గ్రంథములో ఆ పేరు దొరకనివారిని ఎవరూ బబులోనుకు తిరిగి పంపలేదు. ఊరీము తుమ్మీము ధరించే యాజకుడు లేచేవరకు వేచి ఉండమన్నారు. అంటే, మనుష్యుల పుస్తకం చెప్పలేనిదాన్ని దేవుడు చెప్పవలెనని అర్థం. మనకు ఆ ప్రధానయాజకుడు లేచియున్నాడు. యెషయా 49వ అధ్యాయము ప్రకారము ఆయన తన జనులను అరచేతుల మీద చెక్కుకొనియున్నాడు. అక్కడికి చెదలు రావు.

రెండవది: దేవునికి తెలుసు గదా అని మన పని మనము మానకూడదు. వంశావళులు వ్రాయించినది కూడా ఆ దేవుడే. మత్తయి సువార్త వంశావళితోనే మొదలవుతుంది. అందులో మోయాబు నుండి వలస వచ్చిన రూతు పేరు కూడా ఉన్నది.

మూడవది: పరదేశం నుండి ఎవరైనా "మా తాత మీ ఊరివాడు" అని వస్తే, పొలంలో వాటా కోసం వచ్చాడేమోనని తలుపు వేయకండి. నూట ఇరవై ఏళ్ళ తరువాత వచ్చినవాడు ఎకరా కోసం రాడు. తన ముత్తాత నీళ్ళు త్రాగిన బావి చూసిపోదామని వస్తాడు. ఈనాడు మన పిల్లలు కూడా హైదరాబాదు, గల్ఫు, అమెరికా వెళ్తున్నారు. రేపు వారి మనుమలు ఈ గడపకే వస్తారు.

కాబట్టి మేము ఒక పని మొదలుపెట్టాము. క్రొత్త పుస్తకం తెచ్చాము. ప్రతి కుటుంబం వచ్చి ఇంటి పేరు, తాత ముత్తాతల పాత పేర్లు, బాప్తిస్మపు పేర్లు, ఆడపడుచులను ఏ ఊరికి ఇచ్చారో, ఎవరు ఏ దేశం వెళ్ళారో వ్రాయించండి. పెద్దవాళ్ళు ఉండగానే రండి. వారు మరచిపోకముందే అడగండి. దూరాన ఉండి ఇది చదువుతున్నవారు మీ ఇంటివారికి ఈ రాత్రే ఫోను చేసి అడగండి. ఈసారి పుస్తకం పై అరలో ఉంటుంది. ఫోటోలు కూడా తీసి ఉంచుతాము.

ఆ పుస్తకంలో మొదటి పేజీ అవ్వ ఇంటివారిది. ఆ చిన్నాయన పేరు వ్రాసి, ఎదురుగా "నాటాలు వెళ్ళెను" అని వ్రాశాము. ప్రక్కన ఖాళీ వదిలాము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ యెదుట ఏ కుటుంబమూ మరువబడలేదు గనుక స్తోత్రము. సముద్రము దాటి వెళ్ళి తిరిగి రాని మా వారిని, వారి పిల్లల పిల్లలను నీవెరుగుదువు. వారు ఎక్కడ ఉన్నా నీ కాపుదల వారికి దయచేయుము. మా పేర్లు జీవగ్రంథమందు నిలుచునట్లు మమ్ములను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.