ఆగిన బండికి గాలి ఎవరివ్వాలి?

ఘాట్ రోడ్డు మలుపులో బానెట్ పైకెత్తి ఆగిపోయిన అంబాసిడర్‌ను ఒక తరం వాళ్లందరూ చూసే ఉంటారు. డ్రైవరు తువ్వాలు తడిపి, నాలుగు మడతలు పెట్టి, రేడియేటర్ మూత మీద వేసేవాడు. ముఖం పక్కకు తిప్పుకుని మూతను కొంచెం వదులు చేసేవాడు. బుస్సుమంటూ ఆవిరి లేచేది. “ఇంకాసేపు ఆగండమ్మా, చల్లారాలి” అని చెప్పి, డిక్కీలోంచి నీళ్ల డబ్బా తెచ్చుకునేవాడు.

వింత ఏమిటంటే, అదే కారు మైదానంలో తిన్నని రోడ్డు మీద గంటలకొద్దీ పరుగెత్తినా కిక్కురుమనేది కాదు. నెమ్మదిగా కొండ ఎక్కేటప్పుడో, రైల్వే గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడినప్పుడో సలసల మరిగేది. పరుగెత్తేవాడికి చెమట పట్టకుండా, కూర్చున్నవాడికి పట్టడమేమిటి? ఈ చిక్కుముడి పూర్తిగా విడిపోవడానికి సుమారు ఎనభై ఏళ్లు పట్టింది.

పెట్రోలు మండితే పుట్టే వేడిలో చక్రాలను తిప్పడానికి పనికొచ్చేది కొంతే. ఇంచుమించు మూడో వంతు ఇంజను గోడల్లోకి ఎక్కుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోలకపోతే నూనె పలచబడి, పిస్టన్లు బిగుసుకుపోతాయి. కార్ల్ బెంజ్ తన తొలి మోటారు బండికి దీని కోసం తేలికైన ఉపాయం ఆలోచించాడు. ఇంజను చుట్టూ నీళ్లు ఉంచాడు. అవి మరిగి ఆవిరైపోతూ వేడిని తమతో తీసుకుపోతాయి. పొయ్యి మీద గిన్నెలో నీళ్లున్నంత సేపూ గిన్నె మాడదు కదా, అదే సూత్రం.

కానీ నీళ్లు అయిపోతే? 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, ఆ బండిలోనే మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. దూరం వంద కిలోమీటర్లకు పైనే. ఇంధనం వీస్లోక్ ఊళ్లోని మందుల దుకాణంలో దొరికింది. నీళ్ల కోసం మాత్రం దారి పొడవునా దిగుతూనే ఉండాల్సి వచ్చింది. మోటారు బండి దూరం పోగలదని ఆమె లోకానికి చూపించింది. దాహం తీరని బండి ఎంత దూరమని పోతుందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

జవాబు వెదకడానికి పూనుకున్నవాడు విల్‌హెల్మ్ మేబాఖ్. పదేళ్ల వయసులోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, రాయిట్లింగెన్‌లోని అనాథ శరణాలయంలో పెరిగాడు. అక్కడి కార్ఖానాలోనే గాట్లీబ్ డైమ్లర్ అనే ఇంజనీరు కంట్లో పడ్డాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. నీళ్లను ఆవిరిగా పోగొట్టకుండా, చల్లార్చి మళ్లీ మళ్లీ వాడుకోవాలన్నది మేబాఖ్ పట్టుదల. మొదట, ఇంజనుతోపాటు తిరిగే బరువైన ఫ్లైవీల్ అంచులోకే నీళ్లు పంపి చూశాడు. చక్రం గాలిలో తిరుగుతుంటే నీళ్లు చల్లారతాయని ఆశ. చిన్న ఇంజన్లకు అది సరిపోయింది, పెద్దవాటికి చాలలేదు. 1897లో దారి మార్చి, నీళ్ల తొట్టిలోంచి గొట్టాలు దూర్చి, వాటిగుండా గాలి పోయేలా చేశాడు. ఇది మెరుగే. అయినా బండి 18 లీటర్ల నీళ్లు మోయక తప్పలేదు.

ఇంతలో 1900 మార్చి నెల వచ్చింది. ఆ నెలలోనే డైమ్లర్ కన్నుమూశాడు. నెలాఖరున ఫ్రాన్స్‌లోని నీస్ దగ్గర కొండ ఎక్కే పందెంలో డైమ్లర్ కంపెనీ కారు ప్రమాదానికి గురై విల్‌హెల్మ్ బావర్ అనే డ్రైవరు చనిపోయాడు. కారు మరీ ఎత్తుగా, బరువుగా ఉందన్న మాట బయలుదేరింది. నీస్‌లో ఉంటూ డైమ్లర్ కార్లు అమ్మించే ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి అప్పుడు పట్టుబట్టాడు: కారు కిందికి ఉండాలి, తేలికగా ఉండాలి, బలం మాత్రం పెరగాలి. అలాంటివి 36 కొంటానన్నాడు, వాటికి తన కూతురి పేరు పెట్టమన్నాడు. ఆ పాప పేరు మెర్సిడెస్.

ఆ కంపెనీ కార్లను రూపొందించే మేబాఖ్‌కు ఇది కత్తి మీద సాము. 35 గుర్రాల బలం కావాలంటే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే నీళ్లు పెంచాలి. నీళ్లు పెంచితే బరువు పెరుగుతుంది. ఆయన లెక్కను తిరగేశాడు. నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎంత పలచగా పరుచుకుని గాలికి తగులుతున్నాయన్నదే ముఖ్యమని గ్రహించాడు. వేడి పాలను గిన్నెలో ఉంచే కన్నా పళ్లెంలో పోస్తే త్వరగా చల్లారతాయని ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. ఆరు మిల్లీమీటర్ల చదరపు నోరున్న సన్నని గొట్టాలను 8,070 తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, అతికించాడు. గొట్టాల లోపల గాలి, వాటి మధ్య సందుల్లో పలచటి పొరలా నీళ్లు. ఎదుటి నుంచి చూస్తే అచ్చం తేనెపట్టు. 18 లీటర్ల చోట 9 లీటర్లతోనే పని జరిగిపోయింది. నెమ్మదిగా పోయేటప్పుడు గాలి చాలదని, రేడియేటర్ వెనక ఒక చిన్న ఫ్యాను కూడా బిగించాడు. 1901 మార్చిలో నీస్ పందేల్లో ఆ మెర్సిడెస్ కార్లు మిగతావాటిని ఏ పోటీకీ రానివ్వలేదు.

కథ అక్కడితో ముగిసిందనిపిస్తుంది. కానీ ఆ చిన్న ఫ్యానులోనే ఒక లోపం దాగి ఉంది. దాన్ని తిప్పేది ఇంజనే. తర్వాత దశాబ్దాలపాటు చాలా కార్లలో ఫ్యాను బెల్టుతో ఇంజనుకు కట్టుబడే తిరిగింది. కారు ఆగి ఉంటే ఇంజను మెల్లగా తిరుగుతుంది, ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. గాలి కావలసింది సరిగ్గా అప్పుడే. కారు వేగం అందుకున్నాక ఎదురుగాలి దానంతటదే వచ్చి పడుతుంది, ఫ్యాను అప్పుడు హోరుమని తిరుగుతుంది. ఆకలేసినప్పుడు అన్నం పెట్టకుండా, కడుపు నిండాక కొసరి కొసరి వడ్డించినట్టు! పైగా ఫ్యాను వేగం రెండింతలైతే అది తినే శక్తి ఎనిమిదింతలవుతుంది. ఆ పెట్రోలంతా దండుగే.

ఇంజనీర్లు ఊరుకోలేదు. రెక్కలు పెంచి చూశారు, చప్పుడు పెరిగింది. తర్వాత చిక్కటి సిలికోన్ ద్రవంతో పనిచేసే క్లచ్ పెట్టారు. రేడియేటర్ వేడెక్కితే రెండు లోహాల స్ప్రింగు వంగి ఆ ద్రవాన్ని వదులుతుంది, ఫ్యాను ఇంజనును పట్టుకుంటుంది. చల్లబడితే వదిలేస్తుంది. తెలివైన ఏర్పాటే. కానీ ఆగిన కారులో ఇంజను వేగాన్ని మించి అదీ తిరగలేదు.

అసలు పరిష్కారం వేడి తగ్గించడం కోసం కాకుండా చోటు కోసం వెదుకుతుంటే దొరికింది. 1959లో బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు తన మినీ కారులో చోటు కలిసి రావడానికి ఇంజనును అడ్డంగా పెట్టాడు. దాంతో బెల్టు ఫ్యాను ముందువైపు చూడటం మానేసి పక్కకు తిరిగింది. రేడియేటర్‌నూ పక్కకే జరిపాడు. ఇటలీలో ఫియట్ ఇంజనీరు దాంతే జకోసా ఈ పద్ధతిని అనుసరించలేదు. రేడియేటర్ ఎదురుగాలికే ఉండాలి, ఇంజను అడ్డంగానే ఉండాలి. మరి ఫ్యానును తిప్పేదెవరు? బెల్టు తెంపేసి, ఫ్యానుకు సొంత కరెంటు మోటారు ఇచ్చాడు. నీళ్ల వేడిని బట్టి ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్ పెట్టాడు. కరెంటు ఫ్యాను అప్పటికే, 1961 నాటి జాగ్వార్ ఇ-టైప్‌లో ఉంది. 1969లో వచ్చిన ఫియట్ 128 లాంటి కార్లతో అది మామూలు కుటుంబాలకూ అందింది. ఇంజను మెల్లగా తిరుగుతున్నా ఫ్యాను పూర్తి వేగంతో తిరగగలిగింది.

మన దగ్గర మాత్రం ఫియట్ పాత నమూనా నుంచి వచ్చిన పద్మిని, దాంతోపాటు అంబాసిడర్, బెల్టు ఫ్యానుతోనే చాలా ఏళ్లు నడిచాయి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే, ఉండుండి దానంతటదే గిర్రున తిరిగే ఫ్యాను మధ్యతరగతి ఇళ్లకు పరిచయమైంది.

ఇప్పుడు పాత కార్లను ప్రేమగా బాగుచేసుకునేవాళ్ల ముందున్నది ఈ చరిత్రంతా కలిసిన ప్రశ్నే: బెల్టు ఫ్యానా, కరెంటు ఫ్యానా? కరెంటు ఫ్యాను మేలే, కానీ దానికి పది ఆంపియర్లో, అంతకు పైనో కావాలి. పాత డైనమో ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు లైట్లనే సరిగా వెలిగించలేదు. దాని బదులు ఆల్టర్నేటర్ పెట్టే ఉద్దేశం లేకపోతే, ఉన్న బెల్టు ఫ్యాను చుట్టూ సరైన రేకు తొడుగు బిగించుకోవడమే మేలు. కరెంటు ఫ్యానే పెడితే రేడియేటర్ వెనక, గాలిని లాగేలా పెట్టండి. ముందు పెట్టిన ఫ్యాను వచ్చే గాలికే అడ్డం. ఫ్యూజు, రిలే మరవకండి. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా వైర్లు కలిపితే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. అనుమానముంటే ఫ్యాను ఆన్ చేసి, ముందు జాలీకి ఒక కాగితం ఆనించండి. అంటుకుంటే సరే, ఎగిరిపోతే వైర్లు మార్చండి.

డబ్బు పెట్టే ముందు ఒక్క సంగతి గమనించండి. కారు సిగ్నల్ దగ్గర మరిగితే తప్పు ఫ్యానుది. హైవే మీద మరిగితే ఎంత ఖరీదైన ఫ్యానూ పనికిరాదు. ముందు రేడియేటర్ శుభ్రం చేయించండి.