ఐదు నకళ్లు

2025 జనవరి 31, శుక్రవారం. కంకిపాడు సబ్‌ రిజిస్ట్రార్‌ ఆఫీసు.

తెల్లారితే భూముల మార్కెట్‌ విలువలు పెరుగుతాయి. ప్రభుత్వం ముందే చెప్పేసింది. ఈ సాయంత్రంలోపు వేలిముద్ర పడిందా, పాత విలువ. పడలేదా, కొత్త విలువ. రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్‌ ఆఫీసులు కిటకిటలాడిన రోజది. బందరు రోడ్డు మీద లారీలు హోరెత్తుతుంటే, సంచీలో దస్తావేజు, జేబులో ఆధార్‌ కార్డు, వెంట ఇద్దరు సాక్షులు, పొద్దున తిన్న రెండిడ్లీలు ఎప్పుడో అరిగిపోయినా వరసలోంచి కాలు కదిపితే చోటు పోతుందన్న బెంగతో జనం కంప్యూటర్‌ వైపే కళ్లప్పగించి నిలబడే రోజది.

అలాంటి రోజున అందరికీ ఒకటే భయం. లోపలి నుంచి ఏ క్షణాన ఆ రెండు ముక్కలు వినబడతాయోనని.

"సర్వర్‌ డౌన్‌."

సర్వర్‌ ఆగితే పని ఆగుతుంది. కాసేపటికో, సాయంత్రానికో మళ్లీ లేస్తుంది. మరి లేచాక అందులో ఏమీ లేకపోతే?

అలాంటి రాత్రి ఒకటి నిజంగానే వచ్చింది. సరిగ్గా ఎనిమిదేళ్ల ముందు. అదే జనవరి 31న.

*

2017. నెదర్లాండ్స్‌లో చలికాలపు రాత్రి. ఒక ఇంజినీరు ఇంకా కంప్యూటర్‌ ముందే ఉన్నాడు. పని కట్టేసి లేవాల్సిన వేళ దాటిపోయింది. లేద్దామనే అనుకున్నాడు. డేటాబేస్‌ లేవనివ్వలేదు.

అతను పనిచేసేది గిట్‌ల్యాబ్‌లో. ప్రపంచం నలుమూలలా ప్రోగ్రామర్లు తాము రాసిన కోడ్‌ను దాచుకునే చోటు అది. ఎవరి దేశంలో వాళ్లు, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని నడిపే కంపెనీ. ఆ సాయంత్రం నుంచి స్పామ్‌ గుంపు సైటు మీద విరుచుకుపడింది. దానికి తోడు ఎవరో తుంటరి చేసిన ఫిర్యాదు పట్టుకుని, సొంత ఉద్యోగి ఖాతానే చెరిపేసే పని ఒకటి వెనకాల నడుస్తోంది. డేటాబేస్‌ మీద బరువు పెరిగింది. ఇంకా పెరిగింది. చివరికి ఒక గొలుసు తెగింది.

ఆ గొలుసేమిటో కంకిపాడు పాత దస్తావేజు లేఖరులకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. 1998లో కార్డ్‌ పేరుతో కంప్యూటర్లు రాకముందు, రిజిస్టరైన ప్రతి దస్తావేజునూ ఆఫీసులో గుమస్తా కూర్చుని పెద్ద పుస్తకంలోకి చేత్తో ఎత్తి రాసేవాడు. గిట్‌ల్యాబ్‌లోనూ అంతే. డీబీ1 అసలు పుస్తకం. డీబీ2 ఎత్తి రాసే గుమస్తా. డీబీ1లో మార్పు జరిగిన ప్రతిసారీ ఒక చీటీ పుడుతుంది. డీబీ2 ఆ చీటీ చూసి తన పుస్తకంలో రాసుకుంటుంది. ఆ రాత్రి చీటీలు వరదలా వచ్చిపడ్డాయి. గుమస్తా వెనకబడ్డాడు. అతను చదవాల్సిన చీటీలను, జాగా కోసం, డీబీ1 అప్పటికే పారేసింది.

ఇక నకలు ముందుకు కదలదు. దారి ఒక్కటే. డీబీ2లో ఉన్నదంతా తుడిచేసి, మొదటి పేజీ నుంచి మళ్లీ ఎత్తాలి.

తుడిచాడు. ఎత్తమన్నాడు. డీబీ1 తిరగబడింది. సెట్టింగ్‌ మార్చాడు. ఈసారి డేటాబేస్‌ లేవనే లేవనంది. కనెక్షన్ల పరిమితి 8,000 దగ్గరుంది. 2,000కు దించాడు. లేచింది. మళ్లీ ఎత్తమన్నాడు. తెర మీద ఉలుకూ పలుకూ లేదు. నిజానికి ఆ ప్రోగ్రామ్‌ చెడిపోలేదు. అవతలి సర్వర్‌ సిద్ధమయ్యేదాకా ఓపిగ్గా కాచుక్కూర్చుంది. కాచుక్కూర్చున్నానని ఒక్క ముక్క చెప్పదు, అంతే. వాళ్లు రాసిపెట్టుకున్న పని పుస్తకాల్లోనూ ఆ సంగతి లేదు.

మన టైము ప్రకారం ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఐదు కావస్తోంది. కృష్ణా డెల్టాలో కోళ్లు కూసే వేళ. అక్కడ అర్ధరాత్రి దాటింది. ఖాళీ ఫోల్డర్‌ ఒకటి అడ్డుపడి ఉంటుందని అతనికి తోచింది. తీసేస్తే సరిపోతుంది. నల్లటి తెర. తెల్లటి అక్షరాలు. రెండు సర్వర్ల పేర్లకూ తేడా ఒక్క అంకె.

కమాండ్‌ కొట్టాడు. ఎంటర్‌ నొక్కాడు.

ఒక సెకను. రెండు సెకన్లు.

కమాండ్‌ పరుగెడుతున్నది డీబీ2లో కాదు.

*

ఆపేశాడు. మన టైము 4.57. అప్పటిదాకా డీబీ1లో ఉన్నది దాదాపు 300 జీబీ. మిగిలింది 4.5 జీబీ.

గిట్‌ల్యాబ్‌ సైటు కుప్పకూలింది.

ప్రోగ్రామర్ల కోడ్‌ వేరే సర్వర్లలో ఉంది. దానికి దెబ్బ తగల్లేదు. కానీ ఎవరి ఖాతా ఏది, ఏ ప్రాజెక్టు ఎవరిది, ఎవరు ఏ లోపం మీద ఏమని రాశారు, ఆ లెక్కలన్నీ డీబీ1లోనే ఉన్నాయి. పొలం ఉంది. పాసు పుస్తకం పోయింది.

సరే, నకళ్లున్నాయి కదా. వెతుకులాట మొదలైంది.

డీబీ2? దాన్ని కాసేపటి ముందే తమ చేత్తో తుడిచారు. ఖాళీ.

రోజూ డేటాబేస్‌ మొత్తాన్ని ఒక ఫైలుగా తీసి అమెజాన్‌ ఎస్‌3 గిడ్డంగికి పంపే ఏర్పాటు ఉంది. తెరిచారు. ఒక్క ఫైలూ లేదు. ఖాళీ.

అజూర్‌ అనే క్లౌడ్‌ సేవలో డిస్కులకు ఫొటో తీసినట్టు నకలు తీసే సదుపాయం ఉంది. కోడ్‌ దాచిన సర్వర్లకు పెట్టారు. డేటాబేస్‌ సర్వర్లకు పెట్టలేదు. మిగతావి ఉన్నాయి కదా, చాలనుకున్నారు.

ఇంకో పద్ధతిలో డిస్కు నకలు 24 గంటలకోసారి తీస్తారు. అంటే ఒక రోజు పని గంగలో కలిసినట్టే.

ఐదు పద్ధతులు పెట్టుకుంటే ఒక్కటీ నమ్మకంగా పనిచేయడం లేదని, కొన్ని అసలు పెట్టనే లేదని ఆ రాత్రే తమ నోట్సులో రాసుకున్నారు. ఆ నోట్సును లోకమంతా చదివేలా బయట పెట్టారు. అవమానాన్ని దాచుకోకుండా అలా తెరిచి పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. వాళ్లు చేసిన పనుల్లో నేను ముందుగా మెచ్చుకునేది అదే.

అంతలో ఒకటి గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం, మన టైము రాత్రి 10.50కి, ఇదే ఇంజినీరు వేరే ప్రయోగం కోసం డేటాబేస్‌ నకలు ఒకటి తీశాడు. టైము ప్రకారం తీయాల్సింది కాదు. ప్రయోగాల సర్వర్‌లో తాజా డేటా కావాలని అప్పటికప్పుడు తీసింది. చెరిపిన చెయ్యే, ఆరు గంటల ముందు, తెలియకుండానే ఒక్క ప్రతిని పక్కన దాచిపెట్టింది.

అది ఉందా?

ఉంది.

*

ఫిబ్రవరి 1, బుధవారం. వసంత పంచమి. బాసరలో పిల్లల చేత ఓనమాలు దిద్దిస్తున్నారు. ఢిల్లీలో అరుణ్‌ జైట్లీ తొలిసారి ఫిబ్రవరి ఒకటినే బడ్జెట్‌ చదువుతున్నారు. గిట్‌ల్యాబ్‌ను నమ్ముకున్న ప్రోగ్రామర్లు ఏ ఊళ్లో ఉన్నా, పొద్దున్నే లాగిన్‌ అవబోయి సైటు తెరుచుకోక ఆగిపోయారు.

అటు ఆ నకలు బొట్టుబొట్టుగా కారుతోంది. ప్రయోగాల సర్వర్‌కు చవక డిస్కులు వేశారు. సెకనుకు 60 మెగాబిట్లు, అంతకు మించి ఒక్క అడుగు వేయదు. వేసవిలో మున్సిపల్‌ కుళాయి కింద బిందె పెట్టినట్టు, ఇంజినీర్లు ఆ అంకె పెరగడం చూస్తూ కూర్చున్నారు. చూస్తూ కూర్చోవడాన్ని కూడా దాచలేదు. యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం పెట్టారు. ఒక దశలో 5,000 మంది కళ్లార్పకుండా చూశారు. ముక్కూమొహం తెలియని దేశాల నుంచి సర్వర్లు కాసేవాళ్లు ధైర్యం చెబుతూ రాశారు. ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ ఎంటర్‌ ఏదో ఒక రాత్రి తమ వేలి కిందా ఉంటుంది.

పద్దెనిమిది గంటలు గడిచాయి. మన టైము రాత్రి పదకొండున్నరకు సైటు కళ్లు తెరిచింది.

అప్పుడు తీరిగ్గా అసలు ప్రశ్న ముందుకొచ్చింది. ఆ ఎస్‌3 గిడ్డంగి ఎందుకు ఖాళీగా ఉంది?

*

రోజూ నకలు తీసే ప్రోగ్రామ్‌ పోస్ట్‌గ్రెస్‌ అనే డేటాబేస్‌ సాఫ్ట్‌వేర్‌ 9.2 వెర్షన్‌ది. డేటాబేస్‌ 9.6. ఆ రెంటికీ పొసగదు. ప్రోగ్రామ్‌ లేచిన ప్రతిసారీ తప్పు చూపించి చచ్చిపోయేది.

కానీ అది నోరు మూసుకుని చావలేదు. ప్రతిసారీ ఈమెయిల్‌ రాసింది. పని జరగలేదని అందులో చెప్పింది. ఆ ఈమెయిల్‌కు ఉండాల్సిన సంతకం, డీమార్క్‌ అనే గుర్తింపు, లేదు. అవతలి మెయిల్‌ సర్వర్‌ దొంగ ఉత్తరమనుకుని గుమ్మంలోంచే తిప్పికొట్టింది. ఒక్కటీ ఏ ఇంజినీరు కంటా పడలేదు.

ఫిర్యాదు రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు.

ఇక్కడే ఆగి, మన బ్యారేజీ వైపు చూడాలి. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణమ్మ విరుచుకుపడినప్పుడు కంకిపాడు నుంచి అవనిగడ్డ దాకా ఫోన్లలో తిరిగింది ఒకే అంకె. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు? 3.97 లక్షలు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. 5.69 లక్షలకు రెండోది. అది 11.43 లక్షల దాకా ఎగబాకింది. వరద పెరిగినప్పుడూ అంకె వచ్చింది. తగ్గినప్పుడూ వచ్చింది. నది కాసేవాళ్లు ప్రమాదం వస్తేనే చెబుతామని కూర్చోరు. ఒక్క గంట అంకె రాకపోతే ఆ రాకపోవడమే వాళ్లను పరుగెత్తిస్తుంది.

డేటాబేస్‌ కాపలా కూడా అలాగే ఉండాలి. నిఘా సాఫ్ట్‌వేర్‌ ఎంత ఖరీదుదైనా సరే, చెడితేనే కబురు పంపేలా పెడితే, కబురు మోసే దారే తెగిన రోజున అది గుడ్డి కాపలా. బాగున్నానని గంటగంటకూ చెప్పించాలి. ఆఖరి నకలు ఎప్పటిది, ఎంత సైజుంది, డీబీ2 ఎన్ని నిమిషాలు వెనకబడింది, డిస్కులో జాగా ఎంత మిగిలింది, ఈ నాలుగంకెలూ మనిషి కళ్ల ముందు కదులుతుండాలి. అంకె ఆగిన క్షణం గంట మోగాలి. ఆ గంట సర్వర్‌ ఉన్న ఇంట్లో కాకుండా వేరే ఇంట్లో ఉండాలి. ఇల్లు మునిగితే గంట కూడా మునుగుతుంది.

గిట్‌ల్యాబ్‌ ఈ పాఠాన్ని కాగితం మీద పెట్టింది. 2017 ఫిబ్రవరి 10న జరిగిందంతా పూసగుచ్చినట్టు ప్రచురించింది. కంపెనీ అప్పటి అధిపతి సిడ్‌ సీబ్రాండీ క్షమాపణ చెప్పారు. ఆ నివేదికలో ఇంజినీరు పేరు లేదు. 'టీమ్‌ మెంబర్‌ 1' అని ఉంది. తప్పును అతని నెత్తిన రుద్దలేదు. ఒక్క వేలి పొరపాటుతో అంతా పోయేలా ఇల్లు కట్టిందెవరని తమనే నిలదీసుకున్నారు. అసలు సర్వర్ల తెరలకు ఎరుపు, ప్రయోగాల సర్వర్లకు పసుపు రంగు వేయాలనుకున్నారు. నకళ్ల మీద ప్రోమిథియస్‌ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ను కాపలా పెట్టాలని, తీసిన నకలును తిరిగి తెరిచి చూసే పని యంత్రానికే అప్పగించాలని తీర్మానించుకున్నారు.

పోయింది మాత్రం పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు. 5,000 వ్యాఖ్యలు. 700 మంది కొత్త ఖాతాలు. మన టైము రాత్రి 10.50 నుంచి సైటు కూలేదాకా డేటాబేస్‌లోకి ఎక్కిన ముక్కలు తిరిగి రాలేదు.

*

కంకిపాడులో స్థలం కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్‌ అయిందని ఊరుకోరు. కొన్నాళ్లాగి ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్‌ సర్టిఫికెట్‌, తీయిస్తారు. సర్వే నంబరు, హద్దులు, గజాలు, తమ పేరు, తండ్రి పేరు, వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతారు. చదువు రానివాళ్లు పక్కనున్నవాళ్ల చేత చదివిస్తారు. పేరు ఎక్కిందని చెవిన పడ్డాకే కాగితం మడిచి సంచీలో పెట్టుకుంటారు.

ఆస్పత్రిలోనో, బ్యాంకులోనో, కాలేజీలోనో, సహకార సంఘంలోనో ఈ రాత్రి డేటాబేస్‌ సర్వర్‌ కాస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ నకలును కూడా ఈ వారంలో ఒక్కసారి తెరిచి, వేలు పెట్టి చదవండి.