విద్యుత్ ప్లగ్గులు, సాకెట్లు

విద్యుత్ పరికరాలను ఇంటి సరఫరాకు కలపడానికి, అవసరం తీరాక విడదీయడానికి వాడే జంట సాధనాలను ప్లగ్గు, సాకెట్టు అంటారు. పరికరపు తీగ చివర ఉండేది ప్లగ్గు. గోడకు లేదా స్విచ్చి బోర్డుకు బిగించి ఉండేది సాకెట్టు. ప్రపంచంలో వాడుకలో ఉన్న వీటిని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఎ నుండి ఓ వరకు 15 రకాలుగా చూపుతున్నది. వీటి ఆకార భేదాల వెనుక ఆయా దేశాల వోల్టేజి, భద్రతా పద్ధతుల భేదాలు కూడా ఉన్నాయి.

చరిత్ర

తొలిరోజుల్లో విద్యుత్తు ఇళ్ళలోకి ప్రధానంగా దీపాల కోసమే వచ్చినది. ఇతర పరికరాలను కూడా బల్బు హోల్డరుకే తగిలించేవారు. అమెరికాలో హార్వే హబ్బెల్ 1904లో విడదీయగల ప్లగ్గుకు పేటెంటు పొందాడు. ఏ దేశానికి ఆ దేశం తన పద్ధతిని స్థిరపరచుకున్నాక మార్చడం కష్టమైనది. 1986లో ఒక ఉమ్మడి ప్రమాణం వెలువడినా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా మాత్రమే దాని ఆధారంగా తమ ప్రమాణాలను రూపొందించుకున్నాయి.

భారతదేశంలో

మన దేశంలోని గుండ్రని మూడు పిన్నుల ప్లగ్గు 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం బి.ఎస్. 546 నుండి వచ్చినది. బ్రిటన్ 1947లో దీర్ఘచతురస్రాకార పిన్నుల కొత్త ప్రమాణం తెచ్చుకున్నా, మనం పాతదానినే కొనసాగించాము. ప్రస్తుత భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1293. దీనిలో రెండు పరిమాణాలు ముఖ్యమైనవి:

* 6 ఆంపియర్లు (డి రకం): ఫ్యాను, టి.వి., మిక్సీ వంటివాటికి.
* 16 ఆంపియర్లు (ఎం రకం): గీజరు, ఎ.సి. వంటివాటికి. దీని పిన్నులు లావుగా ఉండడం వలన చిన్న సాకెట్టులో దూరవు.

ఇతర దేశాలలో

* అమెరికా, కెనడా (ఎ, బి): రెండు బల్లపరుపు పిన్నులు, బి రకంలో ఎర్త్ పిన్ను అదనం. 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్.
* జర్మనీ (ఎఫ్): రెండు గుండ్రని పిన్నులు; ఎర్త్ ప్లగ్గు పక్కల ఉంటుంది. ఫ్రాన్సులో (ఇ) ఎర్త్ పిన్ను సాకెట్టు నుండే పొడుచుకొని ఉంటుంది.
* బ్రిటన్, సింగపూరు, మలేషియా, యు.ఎ.ఇ. (జి): దీర్ఘచతురస్రాకారపు మూడు పిన్నులు; ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది.
* ఆస్ట్రేలియా (ఐ): ఏటవాలు బల్లపరుపు పిన్నులు.

విదేశాలకు వెళ్ళేవారు గమనించవలసినది: అడాప్టరు ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. మన 230 వోల్టుల మిక్సీ అమెరికాలో సరిగా తిరగదు. అక్కడి 120 వోల్టుల హీటరును ఇక్కడ పెడితే సుమారు మూడున్నర రెట్ల శక్తిని తీసుకొని కాలిపోవచ్చును. 100-240 వోల్టులు అని ముద్రించి ఉన్న ఛార్జర్లకు అడాప్టరు చాలును.

మూడవ పిన్ను

మన ప్లగ్గులో పైనున్న లావు పిన్ను ఎర్త్. ఇది మిగిలిన రెంటికంటే పొడవైనది. కనుక ముందుగా తగులుతుంది, చివరగా విడిపోతుంది. పరికరపు లోహపు తొడుగుకు ఫేజు తగిలితే, ఆ విద్యుత్తు ఎర్త్ గుండా పోయి ఫ్యూజును కాల్చుతుంది. మూడవ పిన్నును తీసివేస్తే పరికరం యథావిధిగా పనిచేస్తుంది. లోపం ఏర్పడిననాడు మాత్రం ఆ విద్యుత్తుకు మనిషి శరీరమే మార్గమవుతుంది. రెండు పిన్నుల ప్లగ్గు దూర్చడానికి ఎర్త్ రంధ్రంలో పుల్ల గుచ్చడం కూడా ప్రమాదకరమే.

ఖమ్మం - భద్రాచలం ప్రాంతంలో

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం, అడవి అంచున 2014 వరకు ఖమ్మం జిల్లాలో ఉండిన మోతుగూడెం దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఈ ప్రాంతంలోనివే. విద్యుత్తు పుట్టుక ఎంత దగ్గరైనా, ఇంటి భద్రత ఆ ఇంటి ఎర్త్ గొయ్యిపైననే ఆధారపడి ఉంటుంది. సాధారణంగా ఈ గొయ్యిని బొగ్గు, ఉప్పు పొరలతో నింపుతారు. వేసవిలో రాతినేలల తేమ ఆరి నిరోధం పెరుగుతుంది కనుక గొయ్యిలో నీరు పోస్తుండాలి.

గోదావరి భద్రాచలం వద్ద 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. వరద నీట మునిగిన సాకెట్లను మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించిన తరువాతనే వాడవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. అదనపు రక్షణనిస్తుంది, అది ఎర్త్‌కు ప్రత్యామ్నాయం కాదు.

ఇవి కూడా చూడండి

* ఎర్తింగ్
* ట్రాన్స్‌ఫార్మర్
* కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం