అరువు తెచ్చిన రక్ష

బెజవాడ తూర్పువైపున జవాహర్ ఆటోనగర్ వెలసి అర్ధశతాబ్దము దాటినది. లారీ బాడీలు కట్టు వడ్రంగులు, వెల్డర్లు, రేకుపనివారు, టైర్లు విప్పు కుఱ్ఱవాండ్రు పగలెల్ల ఇనుముతోనే మెలగు ఆ వీధులలో చేయి తెగని పనివాడు లేడు. తెగినంతనే టీటీ సూది వేయించుకొమ్మని తఱుమని మేస్త్రీయు లేడు. జనులు త్రుప్పునే దోషిగా ఎంతురు గాని, ధనుర్వాత క్రిమికి నెలవు మట్టియు, పశువుల పేడయు. ఊరూరి బురదను చక్రములకు అంటించుకొని వచ్చు లారీల క్రింద పరుండి పనిచేయువారికి ఆ జాగ్రత్త తగినదే.

టీటీ సూది టీకా. శరీరమునకు పోరాడ నేర్పుటకు దానికి దినములు పట్టును. గాయము లోతైనదై, మట్టి చేరి, పూర్వము టీకాలు లేనివానికి వైద్యులు వేరొక సూది కూడ వేయుదురు. అందు సిద్ధముగా నున్న యాంటీబాడీలు, అనగా విషమును అణచు పదార్థములు, కలవు. అది అరువు తెచ్చిన రక్ష. గడియలలో పనికి పూనుకొని, కొన్ని వారములకు కరగిపోవును. 1890లో బెర్లిన్ నగరమున బేరింగ్, కిటసాటో అను పండితులు, ధనుర్వాత విషమునకు అలవాటుపడిన జంతువు రక్తరసమును (సీరమును) వేరొకదానికి ఎక్కించినచో అదియు ఆ విషమును తట్టుకొనునని నిరూపించిరి. 1914 నాటి మహాయుద్ధమున గాయపడిన సైనికులకు రోగము పొడచూపక మునుపే గుఱ్ఱపు సీరమును ఇయ్యసాగినంత ధనుర్వాతము మిక్కిలి తగ్గిపోయినది. రోగము ముదిరిన పిదప అదే సీరము అంతగా ఫలింపలేదు. నరములను పట్టిన విషమును విడిపించు శక్తి యాంటీబాడీకి లేదు.

ఈ కథలో మనవాడొకడు కలడు. న్యూయార్క్ రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊర 1906లో వెలసిన లెడర్లీ సంస్థ మొదట డిఫ్తీరియా సీరము తయారుచేయుటకే పుట్టినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అందు చేరి, పరిశోధనశాఖకు అధిపతి అయ్యెను. ఆయన నాయకత్వమున, బెంజమిన్ డుగ్గర్ మట్టియందలి సూక్ష్మజీవినుండి సాధించిన ఆరియోమైసిన్ అను యాంటీబయోటిక్ 1948లో లోకమునకు అందినది. సీరములకై పుట్టిన ఇంటనే, తెలుగువాని యేలుబడిలో, సీరములను వెనుకకు నెట్టు మందు వెలువడుట నాకు నేటికిని అద్భుతముగనే తోచును. పిదప ధనుర్వాతము, డిఫ్తీరియా, పాముకాటు వంటి కొలదివానికే సీరము మిగిలినది.

కాని యాంటీబయోటిక్కులకు లొంగని క్రిములు ఆసుపత్రులలో ప్రబలగా, వైద్యలోకము పాతత్రోవను మరల వెదకికొనెను. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకపు యాంటీబాడీని ఎడతెగక పుట్టించు విధానమును కనుగొనుటచే అట్టి యాంటీబాడీలకు గుఱ్ఱముల అవసరము తప్పినది. వెంటిలేటర్ గొట్టముతో ఐ.సి.యు.లో పడియున్నవాని ఊపిరితిత్తులు క్రిములకు తెఱచిన వాకిలి. టీకా పనిచేయువఱకు వేచియుండు వ్యవధి అతనికి లేదు. అందుచే ఐరోపా ఆసుపత్రులలో, శ్వాసనాళమున స్టఫిలోకాకస్ ఆరియస్ కనబడియు న్యుమోనియా ఇంకను రానివారికి, ఆ క్రిమి విషమును అణచు సువ్రటాక్సుమాబ్ అను యాంటీబాడీని ఒక్క మోతాదు ఇచ్చి చూచిరి. 2021లో ప్రకటితమైన ఫలితమున, ఆ మందు పెద్ద మోతాదున పొందినవారిలో నూటికి 18 మందికి, పొందనివారిలో 26 మందికి న్యుమోనియా వచ్చినది. ఒక్కొక్క వర్గమున ఇంచుమించు నూఱుమందియే యుండుటచే ఈ భేదము యాదృచ్ఛికము కాదనుటకు చాలలేదు. దీనిని ఓటమి యనుటకు నా మనసొప్పదు. రోగమునకు ముందే రక్షనిచ్చు ఆ పద్ధతి 1914 నాటి యుద్ధమున ప్రాణములు నిలిపినదే. ఇంతకంటె పెద్ద పరీక్ష జరుగవలసియున్నది. అంతవఱకు ఐ.సి.యు. రోగికి కాపుదల మంచము తలవైపున ఎత్తియుంచుటయందును, చేతులు కడిగికొనుటయందును, గొట్టమును వీలైనంత త్వరగా తీయుటయందును కలదు.