జింకకు విత్తిన చేను

నూజివీడు పేరు వినగనే మన శ్రోతలకు మొదట స్ఫురించునది మామిడిపండు. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి, కలెక్టరు మున్నగు జాతులకు ఆ ఎఱ్ఱనేల పుట్టినిల్లు వంటిది. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరిన ఈ సీమకు దక్షిణమున కాలువల క్రింది వరిపొలములు, ఉత్తరమున మెరకచేలు, గుట్టలు కలవు. మామిడిమొక్కలు లేతవిగా నున్నంతకాలము వరుసల నడుమ రైతు పెసర, మినుము, బొబ్బర, ఉలవ వంటి పైరులు చల్లుకొనును. అడవి దాపున నున్న ఏ పల్లెలోనైనను ఇట్టి పైరు మొలకెత్తిన వార్త రైతుకంటె ముందుగా జింకకు తెలియును. అందుచేతనే మన పొలములలో మంచె వెలసినది, వడిసెల పుట్టినది.

ఇట్టి దేశమున ఒక విచిత్రమైన ప్రశ్నను శ్రోతల ముందుంచుచున్నాము. జింక తినుటకే పైరు వేయదలచినచో ఏ పైరు వేయవలెను?

ఇది వినోదమునకు కల్పించిన ప్రశ్న కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో తెల్లతోక జింకను వేటాడువారు అడవి నడుమ అర ఎకరమో, అంతకు తక్కువయో నేల బాగుచేసి, మృగమును రప్పించుటకై పైరు వేయుదురు. అచట అనుభవజ్ఞులు చెప్పు నియమములు మన రైతునకును సులభముగా బోధపడును. చిన్న చెక్కలో సోయా, బొబ్బర వంటి పైరు వేసినచో రెండాకుల నాడే జింకలు మొదలంట కొఱికివేయును. పిదప చేను మిగులదు. కావున కొఱికినకొలది చిగిర్చెడి తెల్ల క్లోవరును, చలికాలమునకు ఓట్లు, రై, గోధుమలను ఎన్నుకొందురు. మంచు పడిన పిమ్మట తీపెక్కు టర్నిప్పును కూడ చల్లుదురు. ఒకే పైరునకు బదులు రెండు మూడు కలిపి చల్లినచో ఒకటి ముదిరిన వేళ మఱియొకటి లేతగా నుండును. ఏమి విత్తినను నేలసారము, నీడ, వానకాలము చూచియే విత్తవలెను.

శ్రోతలు గమనింపవలసిన దొకటి కలదు. అచట జింకకై డబ్బిచ్చి కొని చల్లు బొబ్బర, ఇచట జింక బారినుండి కాచుకొనుటకు మనవారు రాత్రులు మేలుకొను బొబ్బరయే. గింజ యొకటే, మృగజాతియు నించుమించుగా నొకటే. ఒకచోట అది ఎర, మఱియొకచోట అన్నము. ఈ భేదమును విడమరచి చూచినచో మృగమునకు, పైరునకు గల సంబంధ చరిత్ర యంతయు మనకు గోచరించును.

మన దేశమున ఈ ప్రశ్నకు ప్రాచీనమైన సమాధానము కౌటిల్యుని అర్థశాస్త్రములో నున్నది. రెండవ అధికరణమున, సాగునకు పనికిరాని నేలను ఎట్లు వినియోగింపవలెనో చెప్పు ఘట్టమున, మొదట పశువులకు పచ్చికబీళ్లు, పిదప తపోవనములు, ఆ వెనుక రాజు విహారమునకై మృగవనము చెప్పబడినవి. ఆవు అంబారవము వినవచ్చునంత దూరమును గోరుత మందురు. మృగవనమునకును అదే కొలత. దానికి ఒకటే ద్వారము, చుట్టును కందకము. లోపల తీయని పండ్ల చెట్లు, పొదలు, ముండ్లులేని వృక్షములు, లోతులేని జలాశయము, మచ్చికైన మృగములు ఉండవలెను. దేశపు సరిహద్దున సర్వమృగములును అతిథులుగా నుండదగిన మఱియొక వనమును కల్పింపవలెననియు ఆ గ్రంథము విధించినది.

ఇందు ఎన్నదగిన అంశములు రెండు. మొదటిది పైరుల యెంపిక: తీయని పండు, లేత పొద, ముండ్లులేని చెట్టు, దాపున నీరు. మృగమునకు మేతయొక్కటే చాలదు. నీడ, నీరు, చాటు కావలెనని ఆ శాస్త్రకారు డెఱుగును. రెండవది నేల యెంపిక: రాజు వినోదమునకు కేటాయించిన నేల రైతు దున్నగల నేల కారాదు. రెండువేల యేండ్లకు పూర్వపు ఈ రెండవ నియమమే మొదటిదానికంటె విలువైనదని మా అభిప్రాయము.

కాళిదాసు శాకుంతలమున మృగమునకు పెట్టు మేత మఱియొక రీతిది. దుష్యంతుడు జింకను తరుముకొనుచు వచ్చి ఆశ్రమపు హద్దున ఆగిపోవును. ఆ యాశ్రమములోనే శకుంతల తల్లిలేని జింకపిల్లను శ్యామాకపు గింజలు పిడికిలితో పెట్టి పెంచినది. శ్యామాకమనగా మన మెఱిగిన చామలు. మృగమునకు ధాన్యము పెట్టుట వేటకు ఎర కావచ్చును, వాత్సల్యమునకు గుఱుతు కావచ్చును. కవి ఆ రెంటిని ఒకే నాటకమున ఎదురెదురుగా నిలిపెను.

రాజులే వేట మానిన కథకు సాక్ష్యము మన తెలుగునేల మీదనే యున్నది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి రాళ్లపై అశోకుని శాసనములు నేటికిని చదువదగియున్నవి. ఒకప్పుడు రాజు వంటశాలకై దినదినము లక్షలకొలది జీవులు బలియగుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే చంపబడుచున్నవనియు, ఆ జింకయు నిత్యము కాదనియు, ఇకముందు ఆ మూడును చంపబడవనియు మొదటి శాసనము తెలుపుచున్నది. పట్టాభిషేకమైన పది సంవత్సరములకు విహారయాత్రలు విడిచి ధర్మయాత్రలకు పూనుకొన్నట్లు ఎనిమిదవ శాసనము చెప్పుచున్నది.

రాజు వేటభూమి రైతు చేనిపై పడినచో ఏమగునో ఇంగ్లండు చరిత్ర చెప్పును. నార్మను రాజులు విశాలమైన భూభాగములను తమ వేటకై అడవులుగా ప్రకటించిరి. వానిలో పొలములు, పల్లెలు కూడ చేరినవి. రాజుగారి జింక పైరు మేసినను దానిని కొట్టిన రైతు నేరస్థుడు. ప్రజల కష్టము వినబడి 1217లో వెలువడిన అటవీ శాసనపత్రము, జింకను చంపిన కారణమున ఎవ్వని ప్రాణముగాని అవయవముగాని తీయరాదని ప్రకటించెను. ఆ మాట వ్రాయవలసి వచ్చుటయే అంతకుముందటి స్థితికి నిదర్శనము.

మన సీమకు వత్తము. ఉత్తర సర్కారులలో 1802 నుండి శాశ్వత పైసలా నెలకొనినది. నూజివీడు అప్పారావుగార్ల జమీందారీగా ప్రసిద్ధి చెందినది. ఆ కాలమున బంజరులు, చిట్టడవులు పెక్కుచోట్ల జమీందారుల వశమున నుండెను. 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిదప దిగువనున్న బీళ్లు వరిచేలైనవి. 1948 నాటి చట్టము జమీందారీలను రద్దుచేసినది. సాగు పెరిగినకొలది మృగమునకు మిగిలిన బీడు తగ్గినది. కౌటిల్యుడు మృగమునకు విడిచిన పనికిరాని నేల యన్నది క్రమముగా మాయమైనది. ఇప్పుడు జింక నిలువదగిన చోటెల్ల ఎవరో యొకరి చేనే.

వేటకు చట్టము తెర దించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మృగములకు రక్షణ కల్పింపగా, 1991 సవరణ వేట లైసెన్సుల పద్ధతినే తొలగించెను. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగము. మచ్చలదుప్పి తెలంగాణ రాష్ట్రమృగము. కావున జింకను కాల్చుటకై పైరువేయు ఆలోచనకు మన దేశమున తావు లేదు. జింకను బ్రదికించుటకై మేత పెంచు పని మాత్రము ఉన్నది. అభయారణ్యములలో అటవీశాఖవారు పచ్చికబయళ్లను కాపాడుదురు, ఉప్పుగడ్డలుంతురు, వేసవిలో తొట్లలో నీరు నింపుదురు.

ఆ పనిలోని చిక్కును రోళ్లపాడు తెలిపినది. బట్టమేకపిట్టను కాపాడుటకై ఆనాటి కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో, 1988లో అభయారణ్యము ఏర్పడినది. గడ్డినేలకు కంచె వేసి కాపాడగా కృష్ణజింకలు బాగుగ వృద్ధిపొందినవి. వృద్ధిపొందిన జింకలు కంచె దాటి చుట్టుపట్ల చేలపై పడినవి. పంట పోయిన రైతు మనసు జింకపైననే గాక, ఆ యభయారణ్యముపైనను, ఏ పాపమెఱుగని పిట్టపైనను విరిగినది. మృగమునకు మేత పెంచిన చేతితోనే పొరుగు రైతు పంటకు రక్షణ ఏర్పరుపనిచో రెండును చెడునని దీనివలన తేలుచున్నది.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. మన వాతావరణమున మృగమునకు మేత పెంచువారు పరదేశపు క్లోవరును వెదుకనక్కరలేదు. కృష్ణజింకకు పొట్టిగడ్డి గల బయలు కావలెను. దుప్పికి లేతపచ్చికతోపాటు రాలిన పూలు, పండ్లు ప్రీతి. ఇప్ప, బూరుగు, రేగు, ఉసిరిక దానికి విందు. జొన్నను మాత్రము మేతకై నమ్మరాదు. వాన మొగమెఱుగక వాడిన లేతజొన్న విషమై పశువులను చంపునని, దానినే నామందురని మన రైతు లెఱుగుదురు. సర్కారుతుమ్మ కాయలను కృష్ణజింక మక్కువతో తినును. కాని ఆ గింజలు దాని పేడతో బయలంతయు మొలచి, తుదకు దానికి కావలసిన గడ్డినే మ్రింగివేయును. తినునదెల్ల మేలుచేయునది కాదు. అన్నిటికంటె ముఖ్యముగా ఈ మేత అడవి లోపలి భాగమున నుండవలెను. ఊరి దాపున పెట్టిన మేత జింకకు ఊరిదారి చూపును.

అడవి యంచున చేను గలవారికి మార్గము వేఱు. గట్ల వెంబడి పశువు మూతి పెట్టని ఆముదమును, ముండ్లుగల కుసుమను వరుసగా వేసి లోపలి పైరును కాచుకొనుట మెట్టసీమలలో పాతవాడుక. అది పూర్తి రక్షణ కాదు. ఐనను ఎవ్వరిని గాయపఱుపని రక్షణ. దాని కావల జరుగు నష్టమును జింకను తమదిగా చెప్పుకొను సమాజమంతయు పంచుకొనవలెను. రాష్ట్రమృగమను బిరుదు ఊరక వచ్చినది కాదు. ఎక్కడనో ఒక రైతు తన బొబ్బరచేనిలో దాని వెల చెల్లించుచునే యున్నాడు.