8 నుంచి 255 దాకా: ఎక్స్ విండో వ్యవస్థ ఇన్‌పుట్‌లో దాగిన విధానం

యూనిక్స్, లినక్స్ యంత్రాల్లో తెర, కీబోర్డు, మౌస్‌లను నడిపే ఎక్స్ విండో వ్యవస్థ గురించి రాసినవాళ్లు తెర మీద గీతల గురించి ఎంతైనా రాస్తారు. కీ నొక్కిన క్షణం నుంచి ఆ సంగతి ప్రోగ్రాముకు చేరేదాకా ఏం జరుగుతుందో చెప్పాల్సి వచ్చేసరికి రెండు పేరాలతో సరిపెడతారు. ఈ చిన్నచూపు వల్ల ఒక మాట నిరూపణ లేకుండానే సిద్ధాంతమై కూర్చుంది: ఎక్స్ సాధనాలను మాత్రమే ఇచ్చింది, విధానాన్ని ఎవరిమీదా రుద్దలేదు అని. మెచ్చుకునేవాళ్లకు అది సుగుణం, తిట్టేవాళ్లకు అదే దోషం. ఇన్‌పుట్ విషయంలో ఇరుపక్షాలదీ పొరపాటేనని నా వాదన.

తిట్టినవాళ్లలో ఎక్కువ ప్రభావం చూపినవాడు డాన్ హాప్కిన్స్. 1994లో వచ్చిన 'యూనిక్స్ హేటర్స్ హ్యాండ్‌బుక్'లో ఎక్స్ మీది అధ్యాయం ఆయన రాసిందే. తెర, కీబోర్డులను నడిపే సర్వర్‌లోకి కొత్త ప్రోగ్రాములు ఎక్కించే వీలుండాలని, అది లేనందుకే మౌస్ చేసే ప్రతి చిన్న పనికీ నెట్‌వర్క్ మీద రాకపోకలు తప్పడం లేదని ఆయన అభియోగం. క్లయింట్లు, అంటే ప్రోగ్రాములు, ఒకదానితో ఒకటి ఎలా మసలుకోవాలో చెప్పే ఐసీసీసీఎం నియమావళిని ఉతికి ఆరేశారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆయన దృష్టంతా ఈవెంట్, అంటే కీ లేదా మౌస్ కదలికను ప్రోగ్రాముకు చేరవేసే సందేశం, ఎటు వెళ్తోంది, ఎన్నిసార్లు వెళ్తోంది అన్నదాని మీదే. ఈవెంట్ లోపల ఏముందో విప్పి చూసివుంటే, ఎక్స్ నిర్ణయించకుండా వదిలేసినవాటి కన్నా ముందే నిర్ణయించేసినవి ఎక్కువ హాని చేశాయని తెలిసేది.

1987 నాటి 11వ వెర్షన్ ప్రోటోకాల్‌లో కీ నొక్కిన ఈవెంట్ 32 బైట్లు. సమయం, విండో, పాయింటర్ ఉన్న చోటు, షిఫ్ట్, కంట్రోల్ కీల స్థితి అన్నీ అందులో ఉన్నాయి. ఏ పరికరం నుంచి వచ్చిందో చెప్పే గడి మాత్రం లేదు. రెండు కీబోర్డులు తగిలించినా ప్రోగ్రాముకు తెలిసేది ఒకటే. మనిషికి ఒక కీబోర్డు, ఒక పాయింటర్ చాలునన్నది సాధనం కాదు, విధానం. ఇక ఏ కీ నొక్కారో చెప్పే సంఖ్య, కీకోడ్‌కు దక్కింది ఒకే ఒక్క బైట్. అందులోనూ 8 నుంచి 255 వరకే చెల్లుతుంది.

ఆ ఒక్క బైట్ ఎంత దూరం వెంటాడిందో చూపడానికి ల్యాప్‌టాప్‌లో మైకును ఆపే కీని మించిన సాక్ష్యం లేదు. లినక్స్ కెర్నల్‌లో దాని సంఖ్య 248. కెర్నల్ ఇచ్చిన సంఖ్యకు 8 కలిపి కీకోడ్‌గా వాడడం లినక్స్‌లో ఎక్స్ పద్ధతి. కలిపితే 256. హద్దు ఒక్క అంకెతో దాటిపోయింది! కీ పనిచేస్తుంది, కెర్నల్ దాన్ని గుర్తిస్తుంది, ఎక్స్ ప్రోగ్రాముకు మాత్రం అది లేనట్టే లెక్క. చివరికి లినక్స్‌లో పరికరాలను సంభాళించే యూడెవ్ హార్డ్‌వేర్ పట్టికలో ఆ కీని ఎఫ్20గా నమోదు చేసి, ఎక్స్ దగ్గరికి వచ్చాక ఆ ఎఫ్20కి మైకు ఆపే అర్థం అంటగట్టారు. టచ్‌ప్యాడ్ కీలకూ ఇదే గతి పట్టి, అవి ఎఫ్21, ఎఫ్22, ఎఫ్23 వేషాల్లో వచ్చాయి. పై అంచెలో గీసిన గీతకు లొంగి కింది అంచె తన కీల పేర్లనే మార్చుకుంది. ఇంతకన్నా విధానం రుద్దడం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

1996 నాటి కీబోర్డు ఎక్స్‌టెన్షన్ ఎక్స్‌కేబీ కూడా ఈ గోడల మధ్యే ఇల్లు కట్టుకుంది. ఈవెంట్‌లో లేఅవుట్ సంఖ్యకు రెండు బిట్లే మిగిలాయి కనుక ఏకకాలంలో నాలుగు లేఅవుట్లకే చోటు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ, హిందీలతో అవి నిండిపోతాయి. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ గ్రంథాలను కలిపి పరిశీలించే పరిశోధకుడు వాటికి ఇంగ్లీషును జోడిస్తే అయిదోదానికి చోటు లేదు. పైగా కీ ఒక్కసారి నొక్కితే ఒకే కీసిమ్ (కీకి ఇచ్చే అర్థం), దానికి ఒకే అక్షరసంకేతం. మనకు 'క్ష' ఒక్క అక్షరమే అయినా యూనికోడ్‌లో అది క, పొల్లు, ష కలిసిన మూడు సంకేతాలు. ఎక్స్‌కేబీ పట్టికలో దాన్ని ఒక కీకి ఇవ్వడం కుదరదు. ఇలాంటి అవసరాలకు 1991 నుంచే ఎక్స్‌ఐఎం అనే ఇన్‌పుట్ పద్ధతి ఉందని ఎవరైనా గుర్తుచేయవచ్చు. గుమ్మంలోంచి రానివ్వక కిటికీ తెరిచినంత మాత్రాన గుమ్మం మూసినట్టు కాకుండా పోదు.

ఇక ఈవెంట్‌లో పరికరం పేరు లేని లోపాన్ని ఎక్స్ ఇన్‌పుట్ ఎక్స్‌టెన్షన్ ఎప్పుడో సరిదిద్దిందన్నది పాఠ్యపుస్తకాల సమాధానం. జార్జ్ శాక్స్, మార్క్ పాట్రిక్ రాసిన తొలి నిర్దేశంలో టాబ్లెట్లను విడిగా తెరవవచ్చు కానీ, సర్వర్ ప్రధాన కీబోర్డుగా, ప్రధాన పాయింటర్‌గా ఎంచుకున్నవాటిని తెరవడానికి వీల్లేదు. కలం ఒత్తిడి, వంపు వంటి కొలతలు వెంట నడిచే వేరే ఈవెంట్లలో, ఒక్కోదానికి ఆరుకు మించకుండా వస్తాయి. 32 బైట్ల గోడ అక్కడా ఉంది. పీటర్ హటరర్ కృషితో 2009లో వచ్చిన రెండో వెర్షన్ గోడను నిజంగానే కూల్చింది: పెద్ద ఈవెంట్లు, ప్రతిదానిలో పరికరం సంఖ్య, ఒకే తెర మీద అనేక పాయింటర్లు. కీకోడ్ గడిని సైతం 32 బిట్లకు పెంచారు. ఆ గడిలో పెట్టే విలువ మాత్రం 255 దాటలేదు, ఎందుకంటే పట్టిక ఇంకా ఎక్స్‌కేబీదే.

కనుక ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్ ఎక్స్‌కు స్వస్తి చెప్పిందనే మాటను నేను సగమే ఒప్పుకుంటాను. ఇతరుల కీలను ఏ ప్రోగ్రామైనా దొంగచాటుగా చదవగలిగే దారిని అది మూసింది. నాలుగు లేఅవుట్ల పరిమితిని అది వాడే కీబోర్డు లైబ్రరీ ఎత్తేసింది. కానీ వేలాండ్ కీ ఈవెంట్‌లో చూడండి: వరుస సంఖ్య, సమయం, కీ, నొక్కారా వదిలారా అన్నది. పరికరం పేరు మళ్లీ లేదు. కీమ్యాప్ ఎక్స్‌కేబీ రూపంలోనే వస్తుంది. కెర్నల్ సంఖ్యను నేరుగా అందుకుంటున్న వేలాండ్ క్లయింట్లు కూడా, ఎక్స్ సర్వర్ లేని యంత్రంలో సైతం, ఆ పట్టికను చదవాలంటే ముందుగా 8 కలుపుకోవాల్సిందే.