కదలని వార్త

2003 గోదావరి పుష్కరాలప్పుడు మా బాసరలో, లోకల్ కేబుల్ ఛానెల్లో, ఒక ముసలమ్మ ఫోటో చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. తప్పిపోయింది, కనిపిస్తే చెప్పండని కింద రెండు లైన్లు. సీరియల్ టైమైనా అమ్మ ఛానెల్ మార్చనియ్యలేదు. "ఆగురా, మొఖం సరిగ్గ సూడనియ్యి" అన్నది.

కదలని బొమ్మతో వార్త చెప్పడం మా కేబులాయన లేమితనం అనుకునేవాణ్ణి. అమెరికాలో ఒకప్పుడు అదే కొత్త టెక్నాలజీ అని చాలా ఏళ్ళకి తెలిసింది. దాని పేరు స్లో స్కాన్ టీవీ.

1950ల చివర్లో కెంటకీ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతున్న కాప్తోర్న్ మెక్‌డొనాల్డ్ అనే హామ్ రేడియో ఔత్సాహికుడు దీన్ని తయారుచేశాడు. మన దూరదర్శన్ పద్ధతిలో సెకనుకి 25 బొమ్మలు, ఒక్కోదాంట్లో 625 గీతలు. వాటిని మోయడానికి చాలా వెడల్పైన దారి కావాలి. స్లో స్కాన్‌లో ఒక బొమ్మకి 120 గీతలే, అదీ ఎనిమిది సెకన్లకి ఒక్క బొమ్మ. అంత నెమ్మదిగా పంపితే, మనిషి గొంతు పట్టే సన్నటి దారిలో బొమ్మ కూడా పడుతుంది. తెరమీద అది గీత కింద గీతగా దిగుతుంది.

యు.పి.ఐ. వార్తాసంస్థ దీన్ని పట్టుకుంది. 1978లో 'న్యూస్‌టైమ్' పేరుతో, ఉపగ్రహం మీదుగా కేబుల్ ఆపరేటర్లకి ఫోటోలూ, వాటి వెనక వార్త చదివే గొంతూ పంపింది. ఫోటోలు ఆ సంస్థ దగ్గర ఎలాగూ ఉన్నాయి. పూర్తి వీడియోకయ్యే ఖర్చు తప్పింది. కానీ 1980 జూన్ 1న సి.ఎన్.ఎన్. వచ్చింది. రోజంతా కదిలే వార్తలొచ్చాక నిలిచిన ఫోటోని ఎవరు చూస్తారు?

మా ఊరి సంగతి దీనికి తిరగేసినట్టుంటుంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. తర్వాత డిష్‌లూ కేబులూ వచ్చాయి. మా ఇంటికొచ్చిన కేబుల్ వైరు సన్నటి దారేం కాదు. అందులో సినిమాలు పరుగెత్తేవి, క్రికెట్ లైవ్ వచ్చేది. బాసర వార్త మాత్రమే కదిలేది కాదు. కరెంటు కోత, గోదారి నీటిమట్టం, చావు కబురు, అన్నీ పట్టీ మీద అక్షరాలే. అమెరికాలో దారి ఇరుకై బొమ్మ ఆగింది. మా దగ్గర దారి ఉన్నా, మా ఊరివైపు తిప్పిన కెమెరా లేక ఆగింది. టెక్నాలజీ చరిత్రలు మొదటిదాన్ని రాసిపెడతాయి. రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ వ్యాసం కోసం ఆ పాత ప్రకటనలు ఏవైనా మిగిలాయా అని ఊళ్ళో అడిగాను. ఒక్కటీ లేదు. ఎవరూ దాచలేదు, దాచాల్సినవని ఎవరికీ అనిపించలేదు. ముసలమ్మ ఫోటో ఉన్నచోట మర్నాడు చీరల దుకాణం ప్రకటన వచ్చింది. ఆమె దొరికిందో లేదో ఏ పట్టీలోనూ రాలేదు.

మొన్న అమ్మని అడిగాను, గుర్తుందా అని. "ఎందుకు లేదు, ఎడమ ముక్కుకు పుడక" అన్నది.